కొయిరెంగేయి మైదానం

మణిపురం పేరు వినగానే మన తెలుగువాళ్ళకు మొదట గుర్తుకు వచ్చేది చిత్రాంగద. తీర్థయాత్రకు బయలుదేరిన అర్జునుడు ఆమెను పెళ్ళాడిన కథ భారతం విన్న ప్రతివారికీ తెలుసు. ఆ మణిపురం ఇదేనా, వేరొకటా అని పండితులు వాదించుకుంటారు. ఆ తగాదా మనకిప్పుడు వద్దు. ఇంకొక అర్జునుడు మాత్రం 1944 ఫిబ్రవరిలో నిశ్చయంగా ఈ మణిపురానికే వచ్చాడు. ఆయన అర్జన్ సింగ్. అప్పటికి పాతికేళ్ళయినా నిండలేదు. భారత వైమానికదళంలోని ఒకటవ నంబరు స్క్వాడ్రనుకు నాయకుడు. ఆయన పరాక్రమం గురించి పుస్తకాలున్నాయి. ఆ రథాల గుర్రాలను కాచినవారి గురించే ఎవరూ అట్టే రాయలేదు.

2022 శీతాకాలంలో ఒక సదస్సు నిమిత్తం ఇంఫాలు వెళ్ళాను. పైనుంచి చూస్తే ఆ లోయ అంచులెత్తిన పళ్ళెంలా ఉంటుంది. చుట్టూ నీలిరంగు కొండలు, నడుమ కోసిన వరిమళ్ళు, దూరాన లోక్తాక్ సరస్సు మెరుపు. విమానం దిగే చోటు తులిహల్. ఇది యుద్ధకాలం నాటి మైదానమే. ఆ రోజుల్లో ఈ చిన్న లోయలో ఆరు విమాన మైదానాలుండేవి: ఇంఫాల్ మెయిన్, పాలెల్, తులిహల్, కాంగ్లా, వాంగ్‌జింగ్, సాపం. వాటిలో వానాకాలంలో కూడా పనికివచ్చేవి మొదటి రెండే. తక్కినవి నాలుగు చినుకులు పడితే బురదగుంటలు.

ఇంఫాల్ మెయిన్ అన్నదాన్నే ఇప్పుడు కొయిరెంగేయి అంటారు. ఊరికి ఉత్తరాన, దిమాపూర్ వెళ్ళే రోడ్డు పక్కన ఉంది. ఒక మణిపురి అధ్యాపక మిత్రుడు నన్ను అక్కడికి తీసుకువెళ్ళారు. చూడటానికేమీ లేదు. పొడుగాటి బాట, దాని పక్కన గడ్డి, గడ్డిలో ఆవులు. ఒక కుర్రవాడు చెల్లెలికి స్కూటరు నేర్పుతున్నాడు. కొందరు పెద్దలు సాయంకాలపు షికారుకు వచ్చారు. "ఇదేనండీ, ఇంతే" అన్నారు మిత్రులు కొంచెం మొహమాటంగా. నాకు మాత్రం అక్కణ్ణుంచి కదలబుద్ధి పుట్టలేదు. కారణం ఉంది.

1944 మార్చి చివర జపాను సైన్యం కోహిమా నుంచి ఇంఫాలు వచ్చే రోడ్డును కోసేసింది. జూన్ 22 దాకా ఆ రోడ్డు తెరుచుకోలేదు. దాదాపు మూడు నెలలపాటు ఈ లోయకు బియ్యపుగింజ నుంచి తుపాకిగుండు దాకా ఆకాశం మీదనుంచే రావాలి. తినే నోళ్ళు తగ్గించటానికి, యుద్ధానికి అవసరంలేని వారిని సుమారు 43 వేలమందిని విమానాల్లో బయటికి పంపేశారు. కాని విమానం ఎగరాలంటే మెకానిక్కు ఉండవలసిందే. అతడు ఉండిపోయాడు.

విమానానికి పైలటు ఒక్కడే. కింద చేతులు మాత్రం అనేకం. ఇంజను చూసే ఫిట్టరు, ఒళ్ళు చూసే రిగ్గరు, తుపాకులు సర్దేవాడు, కరెంటు పనివాడు, వైర్‌లెస్ పనివాడు. ఒకటవ స్క్వాడ్రను వారివి హరికేన్ విమానాలు. ముందు పన్నెండు సిలిండర్ల మెర్లిన్ ఇంజను; వెనకభాగమేమో గుడ్డ కప్పిన చట్రం. ఆ గుడ్డలో గుండు దూసుకుపోతే, చిరుగుకు మాసిక వేసినట్టు పేలిక అంటించి, పైన బిగుసుకునే పూత పూసి, మళ్ళీ పంపేవారు. షెడ్డు లేదు, కప్పు లేదు. ఎండయినా వానయినా ఆరుబయటే పని. రాత్రి అయితే అదే మెకానిక్కు తుపాకి పట్టుకుని కందకంలో కాపలా. ఆ భయం ఉత్తది కాదు. జూలై మొదట్లో కొద్దిమంది జపాను సైనికులు చీకట్లో పాలెల్ మైదానంలోకి పాకివచ్చి ఎనిమిది విమానాలను పేల్చేశారు.

మా తాతగారి తమ్ముడు ఆ ఏడాది ఇంఫాలులో ఇంజను ఫిట్టరు. నేను ఎరిగేనాటికి తెనాలి దగ్గర మా ఊళ్ళో రైసుమిల్లు ఇంజను చూసుకుంటుండేవారు. సంగతులు అడిగితే పురుగుల గురించి, వాన గురించి, మలేరియా మాత్రలకు ఒళ్ళంతా పసుపుపచ్చగా మారటం గురించి నవ్వుతూ చెప్పేవారు. యుద్ధం మాట వచ్చేసరికి చుట్ట వెలిగించుకుని లేచిపోయేవారు. ఒక్కసారి మాత్రం, నేను కాలేజీలో చేరిన ఏడు, మిల్లు అరుగు మీద కూర్చుని చెప్పారు.

"విమానం లేచేముందు ఒక కాగితం ఉండేదిరా. ఏడువందల నంబరు ఫారం అనేవాళ్ళం. నేను ఇంజను చూశాను, బాగుందని సంతకం పెట్టాలి. రిగ్గరు పెట్టాలి, తుపాకులవాడు పెట్టాలి. అందరిదీ అయ్యాక పైలటు పెట్టాలి. ఆయన మనల్ని ఏమీ అడగడు. సంతకం చూసి ఎక్కేస్తాడు."

హరికేన్లు శత్రువు జాడ తీయటానికి జంటలుగా వెళ్ళేవి. కొండల వెనక్కు పోయాక ఇక కనిపించవు. కింద ఉన్నవాళ్ళు చెవులు రిక్కించి కూర్చునేవారు. వస్తున్న మోత ఒకటా, రెండా? కళ్ళకు కనపడకముందే చెవికి తెలిసిపోయేదట.

"ఒకనాడు ఒకటే వచ్చింది. నేను సంతకం పెట్టింది రాలేదు. అడవిలో ఎక్కడ పడిందో దొరకలేదు. గుండు తగిలే పడిందో, నేను బిగించిన నట్టే వదులయిందో, చెప్పేవాడెవడూ లేడురా అబ్బాయ్."

యాభై ఏళ్ళ తర్వాత కూడా ఆయన మిల్లు ఇంజను ఆపాక ప్రతి నట్టునూ పానాతో రెండోసారి బిగించి చూసేవారు. ఊళ్ళోవాళ్ళు అది చాదస్తం అనుకునేవారు. ఆ చాదస్తానికి మూలం కొయిరెంగేయి గడ్డిలో ఉంది.

ద్రోణపర్వంలో ఒక ఘట్టం ప్రతి ఏడూ క్లాసులో చెబుతుంటాను. సైంధవుణ్ణి చంపుతానని అర్జునుడు శపథం చేసిన మర్నాడది. పొద్దు వాలుతోంది. గుర్రాలు డస్సిపోయాయి. కృష్ణుడు రథం దిగి, యుద్ధం నడుమనే గుర్రాలను విప్పి, ఒంటికి గుచ్చుకున్న బాణాలు పీకి, నీళ్ళు తాగించి, మాలిష్ చేసి మళ్ళీ పూన్చుతాడు. విశ్వరూపం చూపినవాడే ఆ పూట గుర్రాల కాపరి అయ్యాడు. పిల్లలు ఈ ఘట్టాన్ని తొందరగా దాటించి సైంధవుడి తల తెగే చోటికి పరుగెత్తాలనుకుంటారు. ఆ గుర్రాలకు నీళ్ళు దొరక్కపోతే శపథం ఏమయ్యేదని నేను అడుగుతుంటాను.

మన వైమానికదళం పుట్టుకలోనే ఈ గుర్రాల కాపరులున్నారు. 1933 ఏప్రిల్ 1న కరాచీలోని డ్రిగ్ రోడ్డులో ఒకటవ స్క్వాడ్రను ఆరంభమైనప్పుడు ఉన్నవి నాలుగు వాపిటి విమానాలు, కొద్దిమంది అధికారులు, వారితో "హవాయి సిపాయిలు" అనిపించుకున్న కొందరు మెకానిక్కులు. ఆ సిపాయిల్లో హర్జిందర్ సింగ్ అనే ఇంజనీరింగ్ విద్యార్థి ఉన్నాడు. 1942లో బర్మాలో మజుందార్ నాయకత్వాన ఈ స్క్వాడ్రను పోరాడినప్పుడు, బాంబులు వేయటానికి పుట్టని లైసాండర్ విమానాలకు 250 పౌనుల బాంబులు తగిలించి పంపినవారు ఇటువంటి పనివాళ్ళే. హర్జిందర్ సింగ్ తర్వాత ఎయిర్ వైస్ మార్షల్ దాకా ఎదిగాడు. అటువంటివారు నూటికొక్కరు. తక్కినవారు యుద్ధం కాగానే బస్సు డిపోలకూ, మిల్లులకూ, సైకిలు షాపులకూ వెళ్ళిపోయి, అక్కడా ఇంజన్లను ఎగిరించినంత శ్రద్ధగా తిప్పారు.

1944 జూన్‌లో మౌంట్‌బాటెన్ ఇంఫాలుకు వచ్చి అర్జన్ సింగ్ రొమ్మున డీఎఫ్‌సీ పతకం గుచ్చాడు. అది ఆయనకు ముమ్మాటికీ తగిన గౌరవం. ఫారం మీద సంతకాలు పెట్టిన వేళ్ళకు పతకాలు లేవు. గోళ్ళసందున కదలని గ్రీజు మాత్రం మిగిలింది.

నేను వెళ్ళివచ్చిన మరుసటి ఏడే, 2023 మే నెలలో, ఆ లోయలో అల్లర్లు చెలరేగి వేలాదిమంది ఇళ్ళు విడిచారు. ఆనాడు నన్ను తిప్పి చూపిన మిత్రులు క్షేమమని తెలిశాకగాని నాకు నిద్రపట్టలేదు. మూడు నెలల ముట్టడిని తట్టుకున్న నేల అది. దీన్నీ తట్టుకోవాలనే కోరిక.

చదువరులెప్పుడైనా ఏ ఊరి విమానాశ్రయంలోనైనా విమానం ఎక్కితే, కదిలేముందు కిటికీలోంచి కిందికి చూడండి. పచ్చచొక్కా తొడుక్కున్న మనిషి ఒకడు చెయ్యెత్తి, అంతా సరిగా ఉందని సైగచేసి, వెనక్కు నడిచిపోతాడు. అతని పేరు మనకు తెలియదు, మనం అడగం కూడా. అతని మాట నమ్మే పైకి లేస్తాం.