లారీ ఎక్కకముందే అడగండి

ఇల్లు మారాలనగానే మనం ఫోన్ తీసి ‘ప్యాకర్స్ అండ్ మూవర్స్’ అని వెతుకుతాం. ఎక్కడో ఒకచోట నంబరు ఇస్తే చాలు, ఇక ఫోన్ మోగుతూనే ఉంటుంది. హైదరాబాద్ నుంచి బెంగళూరుకు ఉద్యోగం మారినప్పుడు నాకూ అంతే. సామాను పెద్దగా లేదు కానీ, నాన్న ఇచ్చిన స్ప్లెండర్ ఉంది. ఆయన పద్దెనిమిదేళ్లు స్కూలుకు వెళ్లొచ్చిన బండి. పోతే కొత్తది కొనుక్కోవచ్చు, ఆ బండి మాత్రం మళ్లీ రాదు.

ఒకాయన అందరికంటే సగం రేటు చెప్పాడు. ‘‘టెన్షన్ పడకండి సార్, ఏం కాదు, అంతా మేం చూసుకుంటాం’’ అన్నాడు. సరిగ్గా ఇదే మాట కిందటేడు మా రూమ్మేట్‌కీ చెప్పారు. సామాను లారీ ఎక్కాక ‘బరువు ఎక్కువైంది, టోల్ వేరే’ అంటూ రేటు రెట్టింపు చేశారు. డబ్బు కడితేనే దించుతామన్నారు. వాడి సర్టిఫికెట్లు ఆ పెట్టెల్లోనే ఉన్నాయి. కట్టక ఏం చేస్తాడు? కంప్లైంట్ ఇద్దామంటే చేతిలో ఒక్క కాగితం లేదు.

సామాను మన గుమ్మంలో ఉన్నంతసేపే బేరం మనది. లారీ ఎక్కిందా, ఇక వాళ్లది. అందుకే నేను ముందే నాలుగు సంగతులు అడిగాను.

ఒకటి, జీఎస్టీ నంబరు. అందులో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి రెండంకెలు రాష్ట్రానివి: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37, కర్ణాటకకు 29. జీఎస్టీ పోర్టల్‌లో కొడితే అది ఎవరి పేరు మీద ఉందో, ఇంకా నడుస్తోందో లేదో తెలిసిపోతుంది. సగం రేటాయన పంపిన నంబరు ఇంకెవరి పేరు మీదో ఉంది!

రెండు, ప్యాకింగ్, టోల్, ఇంటిదాకా డెలివరీ అన్నీ కలిపి ఎంతో రాసివ్వాలి.

మూడు, లారీ ఎవరిది? ఫోన్లో మాట్లాడే చాలామందికి సొంత బండ్లుండవు, బుకింగ్ తీసుకుని ఇంకొకరికి అప్పజెప్తారు. రేపు ఏదైనా అయితే ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. కాబట్టి లారీ రసీదు ఎవరి పేరున ఇస్తారో అడగాలి. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం, నష్టం జరిగితే కోర్టుకు వెళ్లేముందు, బుక్ చేసిన 180 రోజుల్లోపు రవాణాదారుకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. రసీదే లేకపోతే నోటీసు ఎవరికిస్తాం?

నాలుగు, ఇన్సూరెన్స్. ‘ఉంది’ అంటే చాలదు. బండి విలువ రాసిన పాలసీ కాగితం చూపించాలి. రసీదు మీద ‘ఓనర్స్ రిస్క్’ అని ఉంటే సంతకానికి ముందే దాని సంగతి తేల్చుకోవాలి.

ఈ నాలుగింటికీ సూటిగా జవాబిచ్చింది ఒక్కాయనే. రేటు ఎక్కువే. పైగా, ‘‘గీతలు పడే అవకాశం ఉంది సార్. అన్ని వైపులా ఫొటోలు తీసుకోండి, కిలోమీటర్ల రీడింగ్‌తో సహా. పెట్రోలు తీసేయండి’’ అన్నాడు. ‘ఏం కాదు’ అన్నవాళ్ల కంటే ఈ మాటే నాకు నమ్మకంగా అనిపించింది. బండి ఆయనకే ఇచ్చాను.

నాలుగో రోజు బండి వచ్చింది. డెలివరీ కాగితం మీద సంతకం చేయకముందే ఫొటోలు పక్కన పెట్టి చూశాను. ఎడమ అద్దం పగిలింది. ఆ సంగతి కాగితం మీదే రాయించాను, అద్దం డబ్బులు వారంలో వచ్చాయి. రాకపోతే 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసేవాణ్ని. చూపించడానికి నా దగ్గర కాగితాలున్నాయిగా!