ఎడారి యాట ఆడనీయవచ్చునా?

పిల్లల యాటలను గూర్చి తల్లులకు గలుగు సందేహములు క్రొత్తవి కావు. గోలీలు, చిర్రగోనె, పత్తాలు మొదలగువానిలో నేది యాడనీయవచ్చును, ఏది కూడదు అని మన పెద్దలును దర్కించియే యుండిరి. నేడా సందేహము టెలివిజను తెరమీది కెక్కినది. తెరలోని కథానాయకుని మన బిడ్డయే చేతిలోని మీటలతో నడిపించును. అతడు దుమికిన వీడు దుమికినట్లును, అతడు పడిన వీడు పడినట్లును దోచును. కావున బిడ్డను సినిమాకు బంపుటకంటె నిట్టి యాటకు సమ్మతించుటలో దల్లి యెక్కువగా నాలోచింపవలసి యున్నది.

గత వేసవి సెలవులలో, మా జమ్మికుంట మార్కెటున బత్తి సందడి తగ్గిన దినములలో, మా యన్నకుమారుడు హైదరాబాదునుండి వచ్చి తన పాత ప్లేస్టేషను 4 యంత్రమును, ఒక యాటల సంపుటిని మా వాని కిచ్చి పోయెను. అందు 'అన్‌చార్టెడ్' అను సాహసగాథలు మూడు గలవు. మొదటిది 2007లోను, రెండవది 2009లోను, మూడవది 2011లోను వెలువడెను. మూడింటిని గలిపి 2015లో నొక సంపుటిగా జేసిరి. మా వాని మనస్సు మూడవదానిపై బడినది. ఏలయన నది యెడారి కథ; వాని తండ్రి యుండునది యెడారి దేశము.

ఈ మాట వినినంతనే మా యత్తగారు వలదనిరి. "కొడుకు ఆడ ఎండల మాడుతుంటె, మనుమడు ఇంట్ల గూసోని గా ఇసుకలనె ఆటలాడుడా?" అని యామె ప్రశ్న. దానికి వెంటనే బదులు చెప్పుట సులభము గాదు. మా ప్రాంతమున "బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" యను మాట యెఱుగని యిల్లు లేదు. 1970 తరువాత జమురు దేశములలో బనులు పెరిగిననాటినుండి కరీంనగరు, నిజామాబాదు, ఆదిలాబాదు పల్లెల మగవారు వేలకొలదిగా నచటికి బోవుచున్నారు. నా భర్త పదునొకం డేండ్లుగా సౌదీ అరేబియాలో నీళ్ల ట్యాంకరు నడుపుచున్నారు. ఎడారి యనగా మా యత్తగారికి వినోదము కాదు. రెండేండ్ల కొకసారి మాత్రమే కొడుకును దిరిగి యిచ్చు చోటు.

కోపముతో వలదనుటయు, ముద్దుతో సరే యనుటయు రెండును దగవని, విచారించియే నిశ్చయింప దలచితిని. మొదట ధనము మాట. పందెము గట్టి యాడు ఆన్‌లైను ఆటలను దెలంగాణము 2017లోనే నిషేధించెను. 2025 ఆగస్టులో భారత పార్లమెంటు దేశమంతటికిని అట్టి చట్టము చేసెను. ఈ యాట యా జాతిది కాదు. ఒకసారి కొనిన పిదప మఱి పైకము గోరదు. ఆ సంపుటిలో నపరిచితులతో గూడి యాడు భాగము లేదు. కథ ముగిసిన నాటయు ముగియును. అంతము గల యాట యగుట నాకు గొంత ధైర్యము నిచ్చినది.

రెండవది హింస. ఈ యాట 13 ఏండ్లు నిండినవారికి దగునని అమెరికావారు ముద్ర వేసిరి. 16 ఏండ్లు నిండనివారికి దగదని ఐరోపావారు ముద్ర వేసిరి. మా వానికి బదునైదవ యేడు. ఒక ఖండమువారు సరే యనగా వేఱొక ఖండమువారు వలదను వయస్సున వాడున్నాడు. కావున ముద్రలను వదలి, వాని ప్రక్కను గూర్చుండి నేనే చూచితిని. నాయకుడైన నాథను డ్రేకు సరసుడే కాని దారి పొడవునను దుపాకి పేల్చుచునే యుండును; ఆంగ్లమున దుర్భాషలును దొరలుచుండును. చచ్చినవారికి బేరు లేదు, ఇల్లు లేదు, వారికొఱకు నేడ్చు తల్లి లేదు. ఇది నాకు నచ్చలేదు. ఆ మాట మా వానితో స్పష్టముగానే చెప్పితిని.

ఇక నెడారి. తన ముసలి మిత్రుడైన సల్లీని శత్రువులు పట్టుకొనిపోగా నాయకుడు వెదకుచు బోయి, విమానము కూలి రుబ్ అల్ ఖాలీ యను మరుభూమిలో బడును. ఆ పేరునకు శూన్యమైన నాల్గవ భాగమని యర్థము. సౌదీ అరేబియా, ఒమాను, యెమెను, ఎమిరేట్ల నడుమ నది సుమారు 6,50,000 చదరపు కిలోమీటర్లు వ్యాపించి యున్నది. మన తెలంగాణము 1,12,000 మాత్రమే. అనగా నించుమించు ఆఱు తెలంగాణములంత యిసుక! కొన్ని దిబ్బలు 250 మీటర్ల యెత్తు పెరుగును. 1930–31లో బెర్ట్రాము థామసు అను ఆంగ్లేయు డా యెడారిని దాటెననిన, అది దారి యెఱిగిన బెదూయినుల తోడ్పాటుచేతనే.

ఆటలో నాయకునికి మొదట నా తోడు లేదు. నీరు లేక తూలుచు నడచును. ఎండమావిని జూచి పరుగిడును. బావి కనబడును గాని యందు జుక్క యుండదు. ఎంత నడచినను మరల నా యెండిన బావి యొద్దకే వచ్చును. ఈ ఘట్టమున శత్రువులు లేరు, తుపాకి లేదు. ఆడువాడు నడిపించుట తప్ప మఱేమియు జేయలేడు. మా వాడు మాటలేక యాడుచుండెను. వంటింటి గడపలో నిలిచి చూచుచున్న మా యత్తగారు, "ఎవల పోరడో గని పాపం, గా బాయిల ఇన్ని నీళ్లుంటె బాగుండు" అనిరి.

తరువాతి శుక్రవారము తండ్రి ఫోను చేసినప్పుడు వాడు, "బాపూ, ఎడారిల తొవ్వ తప్పితె నడుసుకుంట పోవుడేనా?" అని యడిగెను. ఆయన నవ్వి, "నడిస్తె సస్తరు బిడ్డా. బండి ఇడిసి పోవద్దు. దాని నీడకే కూసోవాలె. మనిషి కంటె బండి దూరం నుంచి కండ్లబడ్తది" అనిరి. పిదప ట్యాంకరు చక్రములు ఇసుకలో దిగబడిన నేమి చేయుదురో, జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వఱకు మధ్యాహ్నము 12 మొదలు 3 గంటల దాక నెండలో బని చేయింపరాదని సౌదీ ప్రభుత్వము పెట్టిన నియమ మెట్టిదో, అఱగంటసేపు చెప్పిరి. అంతవఱకు వాడు తండ్రి నడుగు ప్రశ్నలు రెండే: ఎప్పుడు వత్తువు? ఏమి తెత్తువు? ఆయన పనిని గూర్చి యడుగుట యదియే మొదలు.

ఆ కథలో మఱియొక సంగతి గలదు. నాయకుడు బాలుడై యున్నప్పుడు, తల్లిదండ్రుల యండ లేక కార్తహేనా నగరమున దిరుగుచుండగా సల్లీ చేరదీసినాడు. తండ్రివంటి యా ముసలివానికొఱకే యతడు పెద్దవాడై యెడారిలో నడచుచున్నాడు. మా వాడు మూడవ యాటనే యేల కోరెనో నాకు విశదమైనది. వానికి గావలసినది తుపాకి గాదు. తండ్రి యుండు చోటును జూచుట.

అయినను ఆ చోటు తెరమీద సంపూర్ణముగా లేదు. అందు నిధులు గలవు, స్తంభముల నగరము గలదు. నీళ్లు మోయువాడు లేడు, గోడ కట్టువాడు లేడు, నెల మొదట నింటికి బైకము పంపి పచ్చడి మెతుకులు తినువాడు లేడు. ఆ కొఱత తీర్చుట తల్లి పని. బెన్యామిను మలయాళమున వ్రాసిన 'ఆడుజీవితం' అను నవల సౌదీ యెడారిలో మేకలు గాచిన కూలివాని కథ. మా వాడు కొంచెము పెద్దవా డైన పిదప దానిని గూడ చదివింప దలచితిని.

కావున నేను సమ్మతించితిని, కాని మూడు నియమములతో. దినమునకు గంటకు మించి యాడరాదు. ఇంటిలో నెవరైన ప్రక్క నుండవలయును, తలుపు మూయరాదు. ఆటలో జూచిన ప్రతి దేశమును గూర్చి యొక నిజమైన సంగతి తెలిసికొని భోజనమువేళ మాకు జెప్పవలయును.

సోదరీమణులారా! మీ యింటికిని ఇట్టి యాట యొకటి రాకపోదు. పేరు జూచి భయపడకుడు, బొమ్మ జూచి మురియకుడు. ధనము గోరునా, అపరిచితులను దెచ్చునా, అంతము గలదా యని విచారింపుడు. అన్నిటికంటె ముఖ్యముగా, మీ బిడ్డ దానిలో నేమి వెదకుచున్నాడో కనుగొనుడు. అది తెలిసినప్పుడు, ఆడనీయవలెనా వలదా యను ప్రశ్నకు సమాధానము మీ యింటనే దొరకును.