అడ్డతీగను చూశానండీ!

అడ్డాకులో అన్నం తినకుండా పెరిగిన ఉత్తరాంధ్ర మనిషి ఉండడు. పెళ్ళి, సంతర్పణ, దినం, కార్తీకమాసం వనభోజనం, దేనికైనా అదే. ఆకు పరిచి, నాలుగు చుక్కలు నీళ్ళు చల్లి, అరచేత్తో తుడిస్తే వడ్డన మొదలవుతుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ ఆకు ఎండి, గోధుమరంగుకు తిరిగి, సన్నటి పుల్లలతో కుట్టుపడి, కట్టలు కట్టలుగా అటక మీద ఉండేది. అది ఏ చెట్టుదని ఎవర్నీ అడగలేదు, ఎవరూ చెప్పనూ లేదు. ఇప్పుడు దాన్ని బతికుండగా చూశాను. చూసి ఊరుకోలేక ఇది రాస్తున్నాను. అది చెట్టు కాదు, తీగ! అదీ పందిరి మీద పాకే రకం కాదు. నిలువెత్తు సాల్ చెట్టును మొదట్లో పట్టుకుని, పైకి ఎగబాకి, దాని తల మీద కూర్చుని ఎండంతా తనే తినే తీగ.

చూసింది బిస్సమ్ కటక్‌లో. విజయనగరంలో రాయపూర్ వైపు రైలెక్కితే బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ దాటాక వస్తుంది. ఒడిశా అనగానే మనకు భువనేశ్వర్ గుర్తొస్తుంది గానీ, ఈ ఊరు మనకే దగ్గర. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా కోరాపుట్ ప్రాంతమంతా విశాఖపట్నం జిల్లాలోదే. ఈ ఊరున్న రాయగడ, కోరాపుట్ నుంచి విడిపోయి వేరే జిల్లా అయింది 1992లో. బజార్లో తెలుగు ఇప్పటికీ హాయిగా నడుస్తుంది. స్టేషన్ దగ్గర టీ కొట్టాయన మాట్లాడితే పార్వతీపురం యాస. ఎందుకొచ్చానో చెబితే గరిటె తిప్పడం ఆపి, “అడ్డాకు చూడ్డానికా బాబూ? అదేటి చూస్తారు, రోజూ లారీలకెత్తుతున్నదేగా!” అని నవ్వాడు. ఆయన నవ్వులో న్యాయముంది. కానీ ఆయన రోజూ చూసేది కట్టల్ని కదా.

ఊరికి ఎదురుగా నియమగిరి. మొదట నాకు కంటపడింది ఆకు కాదు, కాండం. కొండవాలున దారికి అడ్డంగా, మనిషి తొడంత లావున, అటూ ఇటూ నొక్కుకుపోయిన కొయ్య ఒకటి నేలలోంచి లేచింది. లేచి పక్కనే ఉన్న చెట్టును కాదని, దాని అవతలి చెట్టుకు వెళ్ళింది. అక్కడి నుంచి ఇంకోదానికి. కొస ఎక్కడుందో వెతుకుతూ మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూశాను. నాతో వచ్చిన కొంధు తెగ అన్న ఒకాయన దాని మీద కత్తి మడమతో తట్టి, “ఇది మా తాత కంటే ముందుది” అన్నాడు. ఆయన ఇంట్లో కువి, బజార్లో ఒడియా, నాతో సంత తెలుగు మాట్లాడతాడు.

ఇక ఆకు! నా రెండు అరచేతులూ పక్కపక్కన పరిచినా ఇంకా మిగిలింది. మధ్యలో చీలి రెండు తమ్మెలు. మన పెరట్లో దేవకాంచనం ఆకు ఇలాగే ఉంటుంది. రెండూ ఒక కుటుంబమే, ఇది మాత్రం ఆ ఇంట్లో పహిల్వాను. కాడ దగ్గర పుట్టిన పది పన్నెండు ఈనెలు అంచుదాకా విడిపోతూ వెళతాయి. ఎండిన విస్తట్లో పప్పుచారు పారిపోకుండా చిన్నప్పుడు నేను వేలితో కట్ట కట్టిన ఆ గీతలు ఇవే! పైన నున్నన, కింద వేలు పెడితే మెత్తటి నూగు. కొత్త చిగురైతే అసలు ఆకుపచ్చే కాదు, తుప్పురంగు మఖమలు. కొమ్మ కొసన రెండేసి నులితీగలు ఎదురెదురుగా చుట్టలు చుట్టుకుని ఉంటాయి. ఒకదాన్ని విప్పబోయాను. రాలేదు. అప్పటికే కొయ్యబారింది.

అది ఏప్రిల్. పైన ఎక్కడో టప్పుమంది. కాసేపటికి మళ్ళీ టప్. నేను తుపాకీ అనుకుని తల వంచితే, అన్నకు నవ్వాగలేదు. అవి అడ్డకాయలు. జానెడు పైచిలుకు పొడవు, చెక్కంత గట్టి, పైనంతా గోధుమరంగు నూగు. కాయ పెంకు రెండు చెక్కలు. వాటిలోని నారపొరలు ఒకదానికొకటి అడ్డంగా అల్లుకుని ఉంటాయి. ఎండకు ఆరేకొద్దీ ఒక పొర ఇటు లాగుతుంది, ఇంకోటి అటు. అతుకు ఆ లాగుడుకు తట్టుకున్నంతసేపు తట్టుకుని, ఆఖరికి పేలిపోతుంది. గింజలు దూరంగా ఎగిరిపడతాయి, రెండు చెక్కలూ మెలి తిరిగి చెట్టు కింద రాలతాయి. ఒక చెక్క ఏరి తిప్పి చూశాను. లోపల లేతరంగు, వరసగా గింజల గుంటలు. ఒక్కో గింజ రూపాయి బిళ్ళంత, బల్లపరుపుగా, నల్లగా మెరుస్తూ. నిప్పుల మీద వేసి, పెంకు తీసి నోట్లో పెట్టుకుంటే వేయించిన జీడిపప్పుకూ కాల్చిన పనసగింజకూ మధ్య రుచి. ఇంత మంచి తిండి పేలిపోయి మన ముందుకొచ్చి పడుతుంటే మన కిరాణా కొట్లు దాని మొహం చూడలేదేం?

ఆకు ఒక్కటే కాదు. కాండం మీద బెరడు చీల్చి, నానబెట్టి, కొట్టి, పేనితే తాడు. మంచానికీ, కావడికీ, ఉట్టికీ, గేదె పలుపుకూ అదే. వెదురుబద్దల చట్రంలో ఆకులు పేర్చి అల్లితే వానలో నెత్తిమీద పెట్టుకునే గిడుగు. తిండి, తిండి తినే ఆకు, మోసుకెళ్ళే తాడు, తడవకుండా గొడుగు, ఒకే తీగ నుంచి! పాత అటవీశాఖ కాగితాల్లో మాత్రం దీనికి మంచి పేరు లేదు. కలప కోసం సాల్ అడవిని చూసేవాడికి ఇది చెట్టు గొంతు పిసికే పీడ. తీగలు నరికించడం వాళ్ళ పని ప్రణాళికల్లో ఒక పద్దు. దూలాలు లెక్కపెట్టేవాడి బాధ నాకు అర్థమవుతుంది. కానీ దూలం ఒకసారే డబ్బు, ఆకు ఏటేటా డబ్బు, అదీ కోసిన ఆడమనిషి చేతికి. అడిగితే నా ఓటు తీగకే.

ఇంకో చిన్న ముచ్చట. శాస్త్రజ్ఞుల పుస్తకాల్లో ఈ తీగ పేరులో ఉన్న ‘వాల్’ అనే ఆయన డెన్మార్క్‌లో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త మార్టిన్ వాల్. బిస్సమ్ కటక్ పేరు మన ప్రాంతంలో చాలామందికి తెలిసిందేమో అక్కడి క్రిస్టియన్ ఆసుపత్రి వల్ల. 1954లో దాన్ని మొదలుపెట్టిన డాక్టర్ ఎలిజబెత్ మ్యాడ్సెన్ కూడా డెన్మార్క్ నుంచి వచ్చినావిడే. దీనికీ దానికీ సంబంధం ఏమీ లేదు. నాకు సరదాగా అనిపించింది, చెప్పాను.

బుధవారం దగ్గర్లోని చటికోనలో సంత. నియమగిరి మీది డోంగ్రియా కొంధులు ఆ రోజు కిందికి దిగుతారు. ఆడవాళ్ళు తెల్లటి పైగుడ్డ మీద ఎరుపు, ఆకుపచ్చ దారాలతో తామే కుట్టుకున్న త్రికోణాలు, గీతలు. ముక్కుకు మూడేసి పోగులు. మీరు గుడ్డలు చూసుకోండి, నేను బుట్టలు చూశాను. చూస్తూ చూస్తూ ఉంటే ఒకటి తట్టింది. మా ఇంట్లో సగం సామాను ఈ కొండ దిగే వచ్చింది! కొండచీపురు ఉందిగా, హాల్లో మనం ఊడ్చేది, అది ఒక గడ్డి కంకి. నిలువెత్తు గడ్డి, వెదురంత వెడల్పు ఆకులు. చలికాలం చివర పూతకొస్తే ఆ పూతను కోసి కట్ట కడితే చీపురు. కొత్త చీపురు దులిపినప్పుడు ఇల్లంతా రాలి అమ్మచేత తిట్లు తినిపించే పొడి ఏమిటనుకున్నారు, దాని పువ్వులే. కరక్కాయ, తానికాయ, ఉసిరి, మూడూ పక్కపక్క కుప్పల్లో ఉన్నాయి. ఆయుర్వేదం కొట్లో సీసాలో పొడిగా అమ్మేవాటికి ఇక్కడ తొక్కా, కండా, పుల్లటి వాసనా ఉన్నాయి.

బుట్టల్లో అన్నీ ఈ నేలవి కావు లెండి. అనాస దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. మనది మనది అనుకునే చింత కూడా ఆఫ్రికా చెట్టే. డోంగ్రియాలు అనాసను కొండవాలున అరటి, పసుపులతో కలిపి ఎంత బాగా పండిస్తారంటే, అది వలస వచ్చిందని నమ్మబుద్ధి కాదు.

సారపప్పు దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. పాయసంలో ఒకటి పంటికింద పడితే అబ్బా అనుకుంటామే, అది. దాని చెట్టు బెరడు నల్లగా, చిన్నచిన్న గళ్ళుగా పగిలి ఉంటుంది. వేసవిలో చిన్న పళ్ళు నల్లబడతాయి, తియ్యగా, కాస్త పుల్లగా ఉంటాయి. పిల్లలు పండు తిని గింజ పారేయరు, బుట్టలో ఉమ్ముతారు. ఆ గింజ పెంకు రాయి. తిరగలిలో పగలాలి, లోపలి పప్పు చితక్కూడదు. కందిపప్పంత పప్పు కోసం ఇంత తతంగం! కొట్లో దాని ధర విని మూతి విరిచేవాళ్ళు ఒక్క గుప్పెడు గింజలు కొట్టి చూడాలి.

అడవి దుంపల సంగతి వేరు. ఏప్రిల్‌లో వాటికి ఆకు ఉండదు. ఎండిన తీగ ఒకటి పొదకు చుట్టుకుని ఉంటే, అది ఏ వైపు తిరిగిందో, ముల్లుందో లేదో, ఎంత లావో చూసి కింద ఏ దుంపో ఇక్కడివాళ్ళు చెప్పేస్తారు. ఒక రకం తవ్వి ఉడికించుకుని తినెయ్యొచ్చు. ఇంకో రకం చేదు. మూడాకుల తీగ ఒకటుంది, దాని దుంప విషం. పల్చగా చీలికలు కోసి, బుట్టలో వేసి, పారే గెడ్డలో ఉంచితే విషం నీళ్ళలో పోతుంది. పారే నీళ్ళే కావాలి, కుండలో నానబెడితే చాలదు. మొట్టమొదట దీన్ని కనిపెట్టినవాళ్ళు ఎన్ని ప్రాణాలు పెట్టి నేర్చుకున్నారో! అడవి తిండి అనగానే పరవశించిపోయే నాలాంటివాళ్ళు ఇంకోటి కూడా తెలుసుకోవాలి. 2001లో ఇదే జిల్లా కాశీపూర్‌లో, ఆకలికాలంలో బూజుపట్టిన మామిడిజీడి పిండి తిని మనుషులు చచ్చిపోయారు. మామిడిజీడి వాళ్ళకు కొత్త కాదు. బాగా కడిగి, ఎండబెట్టి, దాచుకునే వీలు లేకపోవడమే చంపింది.

జీలుగు చెట్టు గురించి రాయకపోతే ఆ అన్న నన్ను క్షమించడు. తాటి, ఈత, కొబ్బరి కుటుంబమే గానీ దీని మట్టకు పిల్లమట్టలు, వాటికి చేపతోక ఆకులు. ఆ కుటుంబంలో ఆకు ఇలా రెండోసారి చీలేది ఈ జాతి ఒక్కటే. ఏళ్ళ తరబడి పూయకుండా పెరుగుతుంది. ఒకసారి మొదలుపెట్టిందంటే మొదటి గెల తలదగ్గర, తర్వాతది దాని కింద, ఆ తర్వాతది ఇంకా కింద. అలా మెట్టు మెట్టు దిగుతూ పూసి, ఆఖరి గెల అయ్యాక చచ్చిపోతుంది. గెల కాడ కోసి కుండ కడితే కల్లు. ప్రతి చెట్టుకూ ఒక ఇంటి పేరుంటుంది. అడవి మధ్యలో ఉన్నా, అది ఎవరిదో అందరికీ తెలుసు. పొద్దున్నే దింపిన కల్లు ఆకుదొప్పలో పోసి ఇచ్చారు. ఏ ఆకో చెప్పక్కర్లేదు. తియ్యగా, కొంచెం బుసబుసగా ఉంది. మధ్యాహ్నానికి అదే కల్లు మనిషిని కూర్చోబెడుతుందట. నేను పొద్దున్నే ఆగాను.

ఈ కొండ నెత్తి బల్లపరుపు, దాని నిండా బాక్సైటు. వానను పట్టి ఉంచి, ఎండాకాలం దాకా ఊటలుగా వదిలేది ఆ నెత్తే. శ్రీకాకుళం పొలాలకు పారి, కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే వంశధారకు నీళ్ళు ఈ కొండల్లోంచే. దాన్ని తవ్వుదామని కంపెనీవాళ్ళు వచ్చారు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, నిర్ణయం గ్రామసభలు చెయ్యాలంది. ఆ వేసవి దాటాక పన్నెండు ఊళ్ళు కూర్చున్నాయి, పన్నెండూ వద్దన్నాయి. కొండ తమ దేవుడు నియమరాజుదన్నారు. ఈ తీగలూ దుంపలూ చూశాక ఆ మాట నాకు భక్తిగా కంటే ఆస్తి లెక్కగా వినిపించింది. వాళ్ళు ఏది పోతుందో ఒక్కోటి పేరు పెట్టి చెప్పగలరు మరి.

వెళ్ళాలనిపిస్తే వెళ్ళండి. బుధవారం కలిసొచ్చేలా చూసుకోండి, సంతలో చిల్లర పట్టుకెళ్ళండి, బేరం ఆడకండి. గూడేల్లోకి పిలవకుండా పోవద్దు, కెమెరా సంచిలోంచి తీసేముందు అడగండి. ఏప్రిల్‌లో కాయలు పేలతాయి. మే నెలలో అడ్డతీగ నిండా తెల్లటి పూత ఉంటుందట, అది నేనింకా చూడలేదు. వానల్లో వెదురుకొమ్ములు, దసరా దాటాక దుంపలు. దుంపల కాలంలో వస్తే గునపం నా చేతికిస్తానన్నాడు అన్న. తవ్వింది నేనే మోసుకెళ్ళాలని, తాడు మాత్రం తను పేనిపెడతానని కూడా అన్నాడు.