గిన్నెలాంటి ఊరు... మూతపెట్టే పొగ!

విశాఖ అనగానే ఏం గుర్తొస్తుంది? ఆర్కే బీచ్, కైలాసగిరి, రుషికొండ... అంతేగా! ఈసారి వెళ్లినప్పుడు కాసేపు పాతనగరం వైపూ నడవండి. రేవు పక్కనే మూడు కొండలు. ఒకదానిమీద వెంకన్న గుడి, ఒకదానిమీద దర్గా, ఇంకోదానిమీద మేరీమాత చర్చి. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్. కింద 1933లో మొదలైన ఓడరేవు. చూడ్డానికి రెండు కళ్లూ చాలవు!

కానీ ఆ వీధుల్లో ఇల్లాళ్లని కదిపితే మరో సంగతి చెబుతారు. పొద్దున తుడిచిన గచ్చు మీద సాయంత్రానికి వేలు రాస్తే నల్లబడుతుంది. డాబా మీద ఆరేసిన బట్టలదీ అదే కథ. బొగ్గు ధూళి, ఇనుప ఖనిజం దుమ్ము, లారీల పొగ, పరిశ్రమల గొట్టాలు... ఒకటా రెండా!

ఊరి స్వరూపమూ దీనికి తోడు. దక్షిణాన యారాడ కొండలు, ఉత్తరాన కైలాస కొండలు, మధ్యలో గిన్నెలా నగరం. చలికాలం తెల్లవారుజామున నేల దగ్గర చల్లగాలి, దానిపైన వెచ్చటి గాలి పరుచుకుంటాయి. గిన్నెకు మూతపెట్టినట్టే! లోపలి పొగ లోపలే. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలోకి విశాఖ ఊరికే ఎక్కలేదు.

కనిపించే మసి కన్నా కనిపించనిదే ప్రమాదం. రెండున్నర మైక్రాన్ల లోపు కణాలు, అంటే వెంట్రుక మందంలో దాదాపు ముప్ఫయ్యో వంతు, ఊపిరితిత్తుల అడుక్కి చేరిపోతాయి. ఉబ్బసం ఉన్న పిల్లలకూ పెద్దలకూ ఆయాసం తెచ్చేవి ఇవే.

మరేం చేయాలి? పొడి చీపురుతో ఊడిస్తే దుమ్ము మళ్లీ గాల్లోకే... తడిగుడ్డ పెట్టండి. చలికాలంలో వాకింగ్ అయినా, కిటికీలు తెరవడమైనా ఎండ ఎక్కాకే. జేబురుమాలు సన్నకణాలను సరిగా ఆపలేదు. బుగ్గలకు ఖాళీ లేకుండా అతుక్కునే ఎన్‌95 మాస్కు మేలు. పిల్లికూతలు వినిపిస్తే సొంతవైద్యం వద్దు, డాక్టరుకు చూపించండి.

అన్నట్టు, ఇంట్లో మనం పెట్టే పొగ మాటేమిటి? ఒక్క దోమల చుట్ట కాలితే వచ్చే సన్నకణాలు 75 నుంచి 137 సిగరెట్లతో సమానమని 2003లో వెలువడిన ఓ అధ్యయనం తేల్చింది. దోమతెర కట్టుకుంటే ఆ బెడదే లేదు. తాలింపు వేసేటప్పుడు వంటింటి ఫ్యాను మరవొద్దు.

కొండల్ని కదపలేం, రేవును జరపలేం. కానీ బొగ్గుకుప్పల మీద నీళ్లు చల్లుతున్నారా, లారీలకు టార్పాలిన్లు కడుతున్నారా అని నిలదీయొచ్చు. పీల్చే గాలి అందరిదీ కదా!