పేరు మార్చాను, కోడ్ మార్చలేదు

మా తమ్ముడు కువైట్‌లో హౌస్ డ్రైవర్. ఎప్పుడూ ఎక్స్ఛేంజ్‌లో దినార్లు కట్టి పంపేవాడు, దానికి ఐఎఫ్‌ఎస్‌సీ చెబితే సరిపోయేది. నాన్న ఇంటికి స్లాబు వేయిస్తున్నప్పుడు మాత్రం పెద్ద మొత్తం కదా అని, జీతం పడే బ్యాంకు నుంచే పంపుతానన్నాడు. "అక్కా, నాన్న ఖాతా వివరాలు, స్విఫ్ట్ కోడ్ పెట్టు" అన్నాడు. నా ఖాతా కోసం అంతకుముందు రాసుకున్న మెసేజ్ ఫోన్‌లో ఉంది. దాంట్లోనే పేరు, ఖాతా నంబరు మార్చి పంపేశాను. నాన్న ఖాతా వేరే బ్యాంకులో. కోడ్ మాత్రం నా బ్యాంకుదే ఉండిపోయింది.

అక్కడ ఖాతాలోంచి డబ్బు పోయింది, ఇక్కడ పడలేదు. మేస్త్రి సెంట్రింగ్ కొట్టి కూర్చున్నాడు. నాన్న నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి సిమెంటు, కంకర దింపించాడు. నేనేమో తమ్ముణ్ణే "సరిగ్గా కట్టావా?" అని పదేపదే నిలదీశాను. చివరికి వాడు బ్యాంకు నుంచి స్విఫ్ట్ కాపీ, అంటే బ్యాంకు పంపిన సందేశం నకలు, తెచ్చి పంపితే, అందులో నా బ్యాంకు కోడ్ కనబడింది.

స్విఫ్ట్ కోడ్‌లో మొదటి 4 అక్షరాలు బ్యాంకువి, తర్వాతి 2 దేశానివి, ఆపై 2 ప్రాంతానివి. శాఖను చెప్పే 3 కూడా కలిస్తే 11. ఐఎఫ్‌ఎస్‌సీకీ 11 అక్షరాలే. కానీ దాంట్లో ఐదోది సున్నా. స్విఫ్ట్ కోడ్‌కు బదులు దాన్నిస్తే, దేశం అక్షరం ఉండాల్సిన చోట అంకె వచ్చేసరికి ఆ పొరపాటు కౌంటర్ దగ్గరే పట్టుబడే వీలుంది. నాది అలాంటిది కాదు. నేనిచ్చింది నిఖార్సైన కోడే, వేరే బ్యాంకుది. స్టేట్ బ్యాంకు కోడ్ ఎస్‌బీఐఎన్‌ఐఎన్‌బీబీ. మొదటి అక్షరం యు అయితే యూనియన్ బ్యాంకు, సి అయితే సెంట్రల్ బ్యాంకు. మూడూ చెల్లేవే, ఏదిచ్చినా యంత్రం ఒప్పుకుంటుంది. కువైట్‌లో తమ్ముడి ఖాతాకు ఐబాన్ అనే 30 అక్షరాల అంతర్జాతీయ ఖాతా నంబరు ఉంది, అందులో రెండంకెలు తప్పు పట్టడానికే పెట్టారు. మన దేశంలో ఐబాన్ లేదు, స్విఫ్ట్ కోడ్‌లో అలాంటి కాపలా అంకె లేదు.

పైగా స్విఫ్ట్ డబ్బును మోయదు. 1973లో బెల్జియంలో పుట్టిన ఆ సంస్థ బ్యాంకుల మధ్య సందేశాలు చేరవేస్తుంది, అంతే. డబ్బు బ్యాంకులు ఒకదాని దగ్గర ఒకటి పెట్టుకున్న ఖాతాల్లో సర్దుబాటవుతూ వస్తుంది. మా సందేశం చేరిన బ్యాంకులో ఆ నంబరుతో నాన్న ఖాతా లేదు. వారాల తర్వాత సొమ్ము వెనక్కి వెళ్లింది. పోనూ రానూ ఛార్జీలు, మారకంలో కోత, అన్నీ ఎండలో బండి నడిపినవాడి జీతంలోంచే. ఆ నష్టం, నాన్న కట్టిన వడ్డీ నేనే భరించాను. తమ్ముడు వద్దన్నా వినలేదు.

ఇప్పుడు పాత మెసేజ్‌ల జోలికి పోను. చాలా శాఖలకు సొంత స్విఫ్ట్ కోడ్ ఉండదు, అందుకని ఖాతా ఉన్న శాఖకే వెళ్లి, విదేశం నుంచి వచ్చే డబ్బుకు ఏ కోడ్ ఇవ్వాలో రాయించుకుంటాను. రెండుసార్లు ఛార్జీ పడినా సరే, ముందు చిన్న మొత్తం పంపమంటాను. అది పడ్డాకే మిగతాది. పంపిన రోజే స్విఫ్ట్ కాపీ కూడా తీసుకోమంటాను. ఆ బదిలీకి 36 అక్షరాల యూఈటీఆర్ అనే గుర్తింపు ఉంటుంది, డబ్బు ఏ బ్యాంకు దగ్గర ఆగిందో బ్యాంకువాళ్లు దాంతోనే వెతుకుతారు. ఆ కాపీ మొదట్లోనే అడిగి ఉంటే నా తప్పు ఆనాడే తెలిసేది, వాణ్ణి అన్ని మాటలు అనేదాన్ని కాదు.