ముందు లోపం తేలాలి, తర్వాతే ఖర్చు

ఇంటి బడ్జెట్ రాసుకునేవాళ్లం ఖర్చుల్ని రెండుగా విడదీస్తాం: తప్పనివి, వాయిదా వేసుకోగలిగినవి. కారు వేగాన్ని దానంతటదే నిలకడగా ఉంచే క్రూజ్ కంట్రోల్ చెడిపోతే ఎవరైనా రెండో పట్టీలోనే వేస్తారు. అది లేకపోయినా కారు నడుస్తుంది కదా! కానీ లోపం ఎక్కడుందో తెలియకుండా ఆ విభజన చేయకూడదని మా కారు విషయంలో నాకు గట్టిగా అర్థమైంది.

హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి మీద మేం తరచూ తిరుగుతుంటాం. చౌటుప్పల్ దాటాక రోడ్డు ఖాళీగా ఉంటే క్రూజ్ 80లో సెట్ చేస్తాం, మా ఆయన కుడికాలికి కాస్త విశ్రాంతి. అలాంటిది, సెట్ చేసిన కాసేపటికే క్రూజ్ దానంతటదే ఆగిపోవడం మొదలైంది. తర్వాత సెట్ కావడమే మానేసింది. అప్పటికే కారు వారంటీ అయిపోయింది. సమగ్ర బీమా ఉన్నా ఇలాంటి వాటికి పనికిరాదు. అది ప్రమాద నష్టాలకు వర్తిస్తుంది గానీ అరుగుదలకూ, యాంత్రిక, విద్యుత్ లోపాలకూ కాదు. అంటే పెట్టాల్సింది మా చేతి డబ్బే.

సర్వీస్ సెంటర్‌లో సంగతి వినగానే ఎస్టిమేట్ వేసేశారు.

"స్టీరింగ్ స్విచ్‌లు, క్లాక్ స్ప్రింగ్ మార్చాలి మేడమ్. జీఎస్టీతో కలిపి రూ.17,400 అవుతుంది."

"స్కాన్ చేశారా అండీ? ఏ కోడ్ వచ్చింది?"

"ఇంకా చేయలేదు మేడమ్. మామూలుగా అవే పోతుంటాయి."

ఆలోచించుకుని చెబుతామని కారు తెచ్చేసుకున్నాం.

క్రూజ్ కంట్రోల్‌కి సొంత భాగాలు చాలా తక్కువ. కారులో వేరే పనుల కోసం ఉన్న వాటి మీదే అది ఆధారపడుతుంది. వేగం ఎంతో చక్రాల దగ్గరి సెన్సర్లు చెప్పాలి. బ్రేకు నొక్కారో లేదో పెడల్ మీది స్విచ్ చెప్పాలి. గేర్ల కారైతే క్లచ్ దగ్గరా అలాంటి స్విచ్చే ఉంటుంది. స్టీరింగ్ మీది బటన్ల సంకేతం, చక్రంతో పాటు తిరిగే క్లాక్ స్ప్రింగ్ అనే చుట్ట కేబుల్ గుండా రావాలి. వీటిలో ఏ ఒక్కటి తేడా చేసినా కారులోని కంప్యూటర్ క్రూజ్‌ని ఆపేస్తుంది. అది మన రక్షణ కోసమే. కాబట్టి ఆగింది క్రూజే అయినా, చెడింది బ్రేకులకో, ఏబీఎస్‌కో, ఎయిర్‌బ్యాగ్‌కో సంబంధించిన భాగం కావచ్చు.

పైసా ఖర్చు లేని పరీక్షలు ముందు చేశాం. హారన్, వాల్యూమ్ బటన్లు, ఎయిర్‌బ్యాగ్ తీగ అన్నీ మా కారులో ఆ క్లాక్ స్ప్రింగ్ గుండానే వెళ్తాయి. హారన్ మోగుతోంది, బటన్లు పనిచేస్తున్నాయి, ఎయిర్‌బ్యాగ్ దీపం వెలగడం లేదు. దాంతో క్లాక్ స్ప్రింగ్ మీద అనుమానం తగ్గింది. ఏబీఎస్ దీపమూ వెలగడం లేదు, ఫ్యూజులూ బాగానే ఉన్నాయి. ఆఖరున చీకటి పడ్డాక మా ఆయన బ్రేకు నొక్కుతుంటే నేను కారు వెనక నిలబడి చూశాను. పెడల్ మెల్లగా నొక్కితే వెనక దీపాలు వెలగలేదు. బాగా లోపలికి తొక్కాకే వెలిగాయి.

మర్నాడు మాకు తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర రూ.500 ఇచ్చి స్కాన్ చేయించాం. పీ0571 అని వచ్చింది. బ్రేకు స్విచ్ సర్క్యూట్‌లో లోపమని దాని అర్థం. కోడ్ చూపేది సర్క్యూట్‌నే, అందులో ఫలానా భాగం పోయిందని చెప్పదు. అందుకే ఆయన వైరింగు, కనెక్టరు చూసి, స్విచ్‌ను మీటర్‌తో పరీక్షించాకే మార్చారు. స్విచ్ రూ.450, పనికి రూ.300. స్కానింగ్‌తో కలిపి రూ.1,250.

మిగిలిన పదహారు వేల సంగతి అలా ఉంచండి. క్రూజ్ లేకపోతే ఏమైందిలే అని వాయిదా వేసి ఉంటే, వెనక వచ్చే లారీకి మా బ్రేకు దీపాలు ఆలస్యంగా కనిపిస్తూనే ఉండేవి. ఎస్టిమేట్ ప్రకారం డబ్బు కట్టి ఉంటే, స్టీరింగ్‌లోకి కొత్త సామాన్లు వచ్చేవి, చెడిన స్విచ్ మాత్రం అక్కడే ఉండేది. పొదుపు మార్గమూ ఖర్చు మార్గమూ రెండూ మమ్మల్ని ఆ ప్రమాదంలోనే ఉంచేవి. సామానేమీ ఇంటికి రాదు కాబట్టి స్కానింగ్‌కి ఇచ్చే డబ్బు చాలామందికి దండగ అనిపిస్తుంది. కానీ మిగతా ఖర్చులో ఏది అవసరమో తేల్చేది ఆ అయిదొందలే.

తక్కువలో తేలడమే నా లక్ష్యం కాదు. ఎయిర్‌బ్యాగ్ దీపం వెలుగుతూ, పరీక్షలో క్లాక్ స్ప్రింగే పోయిందని తేలి ఉంటే దాని ఖర్చు అదే రోజు కట్టేదాన్ని. అది ఎయిర్‌బ్యాగ్‌తో ముడిపడిన పని, ఇంట్లో చేయి పెట్టకూడదు.

ఇప్పుడు ఏ రిపేరుకైనా సంతకం పెట్టేముందు మూడు అడుగుతాను. ఏ పరీక్ష వల్ల ఈ భాగమే చెడిందని తేలింది? మార్చాక కూడా లోపం పోకపోతే ఆ ఖర్చు ఎవరిది? తీసేసిన పాత భాగం నాకు ఇస్తారా? జవాబులు జాబ్ కార్డు మీద రాయించుకుంటాను.

ఇలా నిలబడి అడగాలంటే చేతిలో డబ్బు సిద్ధంగా ఉండాలి. అప్పు చేసో, కార్డు మీద వాయిదాలు పెట్టో కట్టాల్సి వస్తే ఎలాగోలా పని అయిపోతే చాలనిపిస్తుంది. మేం నెలకు రూ.2,000 కారు పేరిట రికరింగ్ డిపాజిట్‌లో వేస్తున్నాం. ఒక ఏడాది వానలు మొదలయ్యేలోపు ముందు చక్రాల టైర్లు అందులోంచే మార్చాం. మీ కారు వారంటీ ఈ నెలలో ముగుస్తుంటే, ఇలాంటి డిపాజిట్‌లో మొదటి వాయిదా వచ్చే నెలే కట్టండి.