చిన్న రైలు స్టేషను గది

నౌపడ–గుణుపురం లైను మీద మా స్టేషనంటే ఒక పెంకుల గది, ముందు వసారా, అందులో అరిగిన చెక్కబల్ల, గోడకు ఎర్రరంగు ఇసుక బకెట్లు, కొక్కేనికి వేలాడే రైలుపట్టా ముక్క. పోర్టరు ఇనుపకడ్డీతో ఆ ముక్కను కొట్టాడంటే బండి అవతలి స్టేషన్లో బయల్దేరిందన్న మాట. చెరువుగట్టు మీదున్నవాళ్లు అప్పుడు లేచి, మూటలు నెత్తికెత్తుకుని, తీరిగ్గా నడిచొచ్చేవారు. లోపల కిరసనాయిలు, సిరా, గోనెపట్టా కలిసిన వాసన. చెక్క అరలో నిలువునా పేర్చిన అట్ట టికెట్లు, కింద నుంచి ఒకటి లాగి, తారీఖు గుద్దే యంత్రంలో దూర్చి ఇటు నుంచి అటు తోస్తే టక్కుమనే చప్పుడు. బండి వెళ్లిపోయాక కూడా ఆ టికెట్టు బొటనవేలి కింద గరుగ్గా తగులుతూ ఉండేది.

పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను ఇది. ఏడు లక్షల రూపాయల ఖర్చు, రెండున్నర అడుగుల గేజి, 1900 ఏప్రిల్ 1న నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా మొదటి బండి. తొలి ఏళ్లు నష్టాలే. అయినా 1931 నాటికి గుణుపురం చేర్చారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలోకి పోయింది, అది గిట్టక గిడుగు రామమూర్తి పంతులుగారు అన్నేళ్లు పాఠాలు చెప్పిన ఊరు వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. సరిహద్దు మనుషుల్ని విడదీసింది గానీ బండి మాత్రం పొద్దున అటు, సాయంత్రం ఇటు తిరుగుతూనే ఉంది. కొండల వైపు నుంచి సవర ఆడవాళ్లు చీపుళ్లు, చింతపండు, అడ్డాకుల కట్టలతో దిగేవారు, నౌపడ మళ్ల ఉప్పు ఎదురెక్కేది, ఎండాకాలం పెట్టెలన్నీ పనసపండు వాసనే.

బాగుండేదా అంటే, ఏం బాగు? పండగ రోజుల్లో పైకప్పు మీద కూర్చునేవారు. పురిటినొప్పుల మనిషిని ఆ బండిలో టెక్కలి తీసుకెళ్లడమంటే దేవుడి మీద భారం వేయడమే. స్టేషన్లో ఆడవాళ్లకు మరుగు లేదు, తుమ్మపొదలే దిక్కు. ఎవరైనా ఆ రోజులే మేలంటే, మా అమ్మనడగమంటాను.

2004 జూన్‌లో బండి ఆపేశారు. బ్రాడ్‌గేజి వేసి, 2010లో పర్లాకిమిడి దాకా, మరుసటేడు గుణుపురం దాకా మళ్లీ నడిపారు. ఇప్పుడు గుణుపురంలో ఎక్కి విశాఖపట్నంలో దిగొచ్చు, మంచిదే. కానీ అప్పట్లో గేజి మారే చోటు కాబట్టి నౌపడలో ప్రతి బస్తా చిన్న పెట్టెలోంచి పెద్ద పెట్టెలోకి మోయాల్సి వచ్చేది, ఆ మోతే కొన్ని కుటుంబాలకు కూడు. దిగి, మారి, ఎదురుచూసే జనం ఉండబట్టే టీకొట్టు, బజ్జీల పొయ్యి. ఎదురుచూపు తగ్గింది, దాన్ని నమ్ముకున్న పనులూ పోయాయి. నష్టాల లెక్కలో వాటినెవరు రాస్తారు?

మా గది ఒక్కటి మిగిలింది. గోడ పగులులో రావిమొక్క, పెంకుల మీద నాచు. దాన్ని బాగుచేసి ఊరికి చదువుల గదిగా ఇస్తే బాగుంటుందని కుర్రాళ్లు తిరుగుతున్నారు. రావిని పైపైన కొట్టేస్తే మళ్లీ చిగురిస్తుంది, వేరుతో సహా తీసేయాలి. అంతకన్నా ముఖ్యం, అది సున్నపు గోడ. దాని మీద సిమెంటు పూస్తే తేమ బయటికి పోయే దారిలేక లోపలి ఇటుకే పొడిరాలుతుంది. కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపి సున్నం తొక్కడం తెలిసిన ముసలి మేస్త్రీలు ఇంకా అక్కడక్కడ ఉన్నారు, వాళ్లుండగానే పిలవండి.

ఇంకోమాట. చాలాచోట్ల పాత ఇంజనొకటి దిమ్మెక్కించి, చుట్టూ కంచె కట్టి, సంరక్షణ అయిపోయిందంటారు. ఇక్కడ ఆ పని తర్వాత చూసుకోవచ్చు బాబూ. ముందు పత్రికలు, పిల్లల పుస్తకాలు తెప్పించండి, వసారాలో బల్లలు వేయండి, కుళాయి పెట్టించండి, మా అమ్మ తరానికి లేకపోయిన ఆ మరుగుదొడ్డి కట్టించండి. తాళంచెవి మాత్రం పట్నంలో ఉండే ఆఫీసరుకివ్వకండి, ఊళ్లోనే ఉంచుకోండి.